ఎర్ర గీతల మ్యాపు: మా పాప మొదటి ఎల్క్ వేటకి మేం సిద్ధపడిన తీరు

మా పాపకి పన్నెండేళ్ళప్పుడు ఒక ఆదివారం మటన్ కూర కలుపుకుని తింటూ, ఉన్నట్టుండి చెయ్యి ఆపి, "నాన్నా, దీన్ని ఎవరు చంపారు?" అని అడిగింది. కొట్టువాళ్ళు అన్నాను. "నేనైతే చంపగలనా?" అంది. వాళ్ళ క్లాసులో ఒకమ్మాయి వాళ్ళ నాన్నతో కొండల్లోకి వెళ్ళి ఎల్క్‌ని, అంటే ఇక్కడి పెద్ద జింక జాతి జంతువుని, వేటాడిందట, ఆ మాంసం ఏడాదంతా వాళ్ళింట్లో వండుకున్నారట. "తినేదాన్ని ఒక్కసారైనా నా చేత్తో తెచ్చుకోవాలి. నావల్ల కాకపోతే తినడం మానేస్తా" అని చెప్పి మళ్ళీ ముద్ద కలుపుకుంది. చిన్నపిల్ల మాటలే అని తీసిపారేయడానికి నాకు మనసు ఒప్పలేదు. ఆ రోజు నుంచి మేం కొండ ఎక్కేదాకా రెండేళ్ళు పట్టింది. ఈ అనుభవంలో ఎక్కువ భాగం ఆ రెండేళ్ళదే. వేట మూడు రోజులే.

మేముండేది కొలరాడోలో, డెన్వర్ పక్కన. నేను పెరిగింది మార్కాపురం వైపు, నల్లమల అంచున. తాతల కాలం నాటి వేట సంగతులు మాకు అరుగు మీద చెప్పుకునే కథలు, అంతే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర వేట నేరం. అది అలాగే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇక్కడి సంగతి వేరు. 1900ల మొదట్లో కొలరాడో మొత్తం మీద ఎల్క్‌లు వెయ్యి లోపే మిగిలాయి. వేట ఆపేసి, వయోమింగ్ వైపు నుంచి తెచ్చి వదిలి, నెమ్మదిగా పెంచుకున్నారు. ఇవాళ మూడు లక్షలకు దగ్గరలో ఉన్నాయి, అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఈ పోషణకి డబ్బు చాలావరకు వేట లైసెన్సుల నుంచీ, తుపాకులూ తూటాల మీద 1937 చట్టం కింద వేస్తున్న పన్ను నుంచీ వస్తుంది. ఏ కొండ మీద ఎన్నింటిని వేటాడొచ్చో ప్రతి ఏడాదీ లెక్కగట్టి, దాన్నిబట్టి లైసెన్సులు ఇస్తారు.

ఎల్క్ ఎలా ఉంటుందని మా అమ్మ ఫోన్‌లో అడిగితే "మన కణితి లేదూ, దానికి పెద్దన్న అనుకో" అన్నాను. ఆడ ఎల్క్ కూడా రెండొందల కిలోలు దాటుతుంది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్ల అడిగిందని తీసుకెళ్తున్నావు, సరే. దాన్ని గాయపరిచి వదిలెయ్యకండిరా. అది కొండల్లో పడి ఏడుస్తూ తిరిగితే ఆ పాపం మోయలేం" అంది. మా ప్లాన్‌కి మొదటి నియమం అదే అయింది.

ముందు చదువు. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళెవరైనా మామూలుగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసైతేనే లైసెన్స్ కొనుక్కోగలరు. పన్నెండు నుంచి పదిహేనేళ్ళ పిల్లలు పెద్ద జంతువుల వేటకి వెళ్ళాలంటే పక్కన పద్దెనిమిది దాటిన పెద్దవాళ్ళుండాలి. ఆ పెద్దమనిషికీ ఈ కోర్సు అర్హత ఉండాలి. బైనాక్యులర్స్, రేడియో లాంటివి లేకుండా పిల్లని కళ్ళతో చూడగలిగే, మాట వినగలిగే దూరంలోనే ఉండాలి. కాబట్టి తనూ నేనూ కలిసే చదివాం. ఆన్‌లైన్ పాఠాలు రాత్రిపూట, చివర్లో ఒక శనివారం ప్రత్యక్ష క్లాసు. ఎదురుగా మాస్టారు నిలువెత్తు ఎల్క్ బొమ్మ పెట్టి ఊపిరితిత్తులు ఎక్కడుంటాయో, జంతువు కాస్త పక్కకి తిరిగితే గురి ఎక్కడికి జరగాలో చూపించాడు. మా పాపకి తొంభై ఎనిమిది మార్కులొచ్చాయి. నాకు తొంభై.

ఒక మాట మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. నేను గ్రీన్‌కార్డ్ వచ్చాక ఇందులోకి దిగాను. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కానీ ఇలాంటి విషయంలో పొరపాటు జరిగితే ఇమిగ్రేషన్ మొత్తం మీదికొస్తుంది. లాయర్ని అడగకుండా స్నేహితుల మాట మీద రైఫిల్ పట్టుకోవద్దు. ఇంట్లో పిల్లలుంటే తుపాకీకి తాళం ఉండాలని కొలరాడోలో 2021 నుంచి చట్టం ఉంది. మేం రైఫిల్ కన్నా ముందు ఇనప పెట్టె కొన్నాం.

తర్వాత డ్రా. అక్టోబర్ మధ్యలో వచ్చే మొదటి రైఫిల్ సీజన్‌కి ఎల్క్ లైసెన్సులన్నీ లాటరీలోనే ఇస్తారు. మార్చి 1న దరఖాస్తులు తెరుస్తారు, ఏప్రిల్ మొదట్లో మూసేస్తారు. ఆడ ఎల్క్ లైసెన్సుల్లో 15 శాతం దాకా పిల్లలకి పక్కన పెడతారు, అది మాకు పెద్ద ఆశ. దరఖాస్తులో హంట్ కోడ్ అని ఒకటి రాయాలి. మొదటి అక్షరం జంతువు, రెండోది ఆడదా మగదా, తర్వాత యూనిట్ అనే వేట ప్రాంతపు మూడంకెల నంబర్, తర్వాత సీజన్, చివర్లో ఆయుధం. మొదటి ఏడాది నేను యూనిట్ అంకెలు ఒకదానికొకటి తారుమారు చేసి పంపాను. మేం ఎన్నడూ చూడని చోటికి, చాలా గిరాకీ ఉన్న యూనిట్‌కి దరఖాస్తు వెళ్ళింది. రాలేదు. లైసెన్స్ రానందుకు, తర్వాతి లాటరీల్లో మనల్ని ముందుకి జరిపే ప్రిఫరెన్స్ పాయింట్ ఒకటి వచ్చింది గానీ, అప్పటికే షూటింగ్ రేంజ్‌లో నెలల తరబడి ప్రాక్టీస్ చేసిన పిల్ల మొహం చూడలేకపోయాను. మరుసటేడు తన దరఖాస్తు తనే నింపింది. నేను చదివాను, వాళ్ళమ్మ చదివింది, అప్పుడు పంపాం. వేసవి సెలవులు మొదలయ్యే వేళకి ఫలితం వచ్చింది. ఆడ ఎల్క్, మొదటి సీజన్, గన్నిసన్ పైన కొండలు.

అక్కడ చిక్కొచ్చింది.

గన్నిసన్ మా ఇంటి నుంచి నాలుగు గంటల ప్రయాణం. మొనార్క్ పాస్ దాటాలి, అది 11,312 అడుగులు. ఊరికి వాయవ్యంగా వెస్ట్ ఎల్క్ విల్డర్‌నెస్ ఉంది, సుమారు 1,76,000 ఎకరాలు. 1964 విల్డర్‌నెస్ చట్టం కింద రక్షించిన అడవి కాబట్టి అందులోకి మోటారు బండి పోదు. మోటారే కాదు, చక్రమున్నదేదీ పోదు. మాంసం లాగే చిన్న తోపుడు బండి కూడా తీసుకెళ్ళకూడదు. నడవాలి, లేదా గుర్రం ఉండాలి. విల్డర్‌నెస్ కింద లోయల్లోనేమో తరతరాలుగా రాంచ్‌లు, అంటే పశువులు పెంచే పెద్ద పొలాలు, గడ్డి మైదానాలు. అంటే అడవి అందరిదీ, అడవికి పోయే సులువైన దారి కొందరిది. పశ్చిమ రాష్ట్రాల్లో ఇలా ప్రైవేటు భూముల మధ్య ఇరుక్కుపోయి, దారే లేకుండా ఉన్న ఫెడరల్ భూమి దాదాపు 95 లక్షల ఎకరాలని 2018లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. కొలరాడోలో ప్రైవేటు భూమికి బోర్డు ఉన్నా లేకపోయినా అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. "బోర్డు కనబడలేదండీ" అన్న సాకు చెల్లదు.

మా పక్కింటి పెద్దాయన నలభై ఏళ్ళు ఎల్క్ వేటాడినవాడు. మోకాళ్ళు పోయి మానేశాడు. ఫలితం వచ్చిన రోజే ఆయన దగ్గరికి పరుగెత్తాం. నేను ల్యాప్‌టాప్ తెరిచి ఎల్క్ ఎక్కడ మేస్తాయి, ఎక్కడ పడుకుంటాయి అని అడగబోతే ఆయన చెయ్యడ్డం పెట్టాడు. "ఎల్క్ ఎక్కడుందో తర్వాత వెతుకుదువుగాని. ముందు నీ ట్రక్కు ఎక్కడ ఆగుతుందో గుర్తు పెట్టు. అక్కణ్ణుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రా" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. జూలైలో అర్థమైంది.

భోజనాల బల్ల మీద పెద్ద కాగితం మ్యాపు పరిచాం. ఫోన్‌లో ఆప్ ఉంది, భూమి ఎవరిదో రంగుల్లో చూపిస్తుంది, అదీ వాడాం. కానీ కాగితం మీద ఇద్దరూ కలిసి వంగి చూడొచ్చు. ఈ మ్యాపుల్లో ఎత్తు చూపించే గోధుమరంగు గీతలుంటాయి. ఒక గీతకీ పక్క గీతకీ మధ్య 40 అడుగులు. మా పాప పెన్సిల్ మొన ఒక్కో గీత మీద ఆనిస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. గీతలు ఒకదానికొకటి అతుక్కుపోయిన చోట పెన్సిల్ ఆగిపోయేది, భూతద్దం తెచ్చుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేది. అందరికీ తెరిచి ఉన్న దారిలో పోతే, మేం అనుకున్న చదును చేరేలోపు అరవై గీతలు. అరవై నలభైలు రెండు వేల నాలుగొందలు. "నాన్నా, మనం 2,400 అడుగులు ఎక్కి, అటు దిగాలి. మాంసం తెచ్చేటప్పుడు మళ్ళీ ఎక్కి ఇటు దిగాలి" అంది. అదే చదునుకి కింద రాంచ్ వైపు నుంచి లెక్కపెట్టింది. ఇరవై రెండు గీతలే.

ఆడ ఎల్క్ నుంచి ఎముక తీసేసినా మాంసం 70 కిలోల దాకా వస్తుంది. నాలుగు కాళ్ళ మాంసం, వెన్ను మాంసం, లోపలి మెత్తని కండ వదిలేసి రావడం ఇక్కడ నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా మాకు అది ఊహకే రాదు. నేను 25 కిలోలు, పాప 10 కిలోలు మోస్తే రెండు దఫాలు. కింది దారిలో రెండు దఫాలంటే ఒక పొద్దు, మహా అయితే మర్నాడు మధ్యాహ్నం. పై దారిలో ఆ బరువుతో రెండు సార్లంటే పిల్లని నేను చేతులారా ప్రమాదంలోకి దింపినట్టే.

మ్యాపులో మరో దారి కూడా కనబడింది. రెండు ప్రభుత్వ భూముల చదరాలు ఒక్క మూల దగ్గర, చదరంగం గళ్ళలా, కొసకి కొస తాకుతున్నాయి. ప్రైవేటు భూమి తాకకుండా ఆ మూల మీదుగా దాటొచ్చా అన్నదాని మీద పెద్ద కేసే నడిచింది. 2021లో వయోమింగ్‌లో ఎల్క్ మౌంటెన్ దగ్గర నలుగురు మిస్సోరీ వేటగాళ్ళు అలా మూల దాటితే భూమి యజమాని కోర్టుకెళ్ళాడు. 2025 మార్చిలో టెన్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు, ప్రభుత్వ భూమికి అడ్డం కట్టకూడదన్న 1885 నాటి చట్టాన్ని ఆధారం చేసుకుని, వేటగాళ్ళ వైపు తీర్పిచ్చింది. కొలరాడో ఆ కోర్టు పరిధిలోదే. ఆ తీర్పు చదివినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది, అందరి అడవి అందరికీ అందాలి. అయినా మా మ్యాపులో ఆ మూల నిటారు వాలులో ఉంది. ఫోన్ చూపించే చుక్క కొన్ని అడుగులు అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. వీపు మీద బరువుతో, తడి రాళ్ళ మీద, పద్నాలుగేళ్ళ పిల్లని "సరిగ్గా ఈ మూల మీదే అడుగెయ్యి" అని ఎలా అంటాను? అది వదిలేశాం.

ఇక మిగిలింది అడగడమే. జూన్‌లో, వేట హడావుడి ఇంకా మొదలుకాని రోజుల్లో, ఇద్దరం వెళ్ళాం. రెండు చోట్ల మర్యాదగానే కాదన్నారు. ఒకచోట వాళ్ళ చుట్టాలకే ఇస్తారట, ఇంకోచోట వేటకి ఏటా కౌలుకిచ్చేశారట. మూడో ఇంట్లో డెబ్భై దాటిన ఒక పెద్దావిడ బయటికొచ్చింది. నేను మొదలుపెట్టబోతే పాప నా చెయ్యి పట్టుకుని ఆపి తనే మాట్లాడింది. పేరు, వయసు, తన దగ్గరున్న లైసెన్స్, మ్యాపులో ఏ చదునుకి పోవాలనుకుంటోందో, ఎందుకు ఈ దారి కావాలో. ఆవిడ మ్యాపు తీసుకుని చాలాసేపు చూసింది. "మీ నాన్న బండి గడ్డివాము దాటి ముందుకు రాకూడదు. గేటు తెరిచి ఉంటే తెరిచి వదలండి, మూసి ఉంటే మూసి వదలండి. వచ్చే ముందు రోజు ఫోన్ చెయ్యండి. నా పొలంలో కాల్చకూడదు" అంది. అన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చింది. ఆ నెలాఖరున ఒక శనివారం వెళ్ళి రోజంతా వాళ్ళ కంచె కర్రలు పాతడానికి సాయం చేశాం. మనూళ్ళో పక్కవాళ్ళ చేలో గట్టు మీదుగా నీళ్ళు తెచ్చుకునే రైతు ఎంత జాగ్రత్తగా ఉంటాడో, ఆ దారి వాడుకున్నంతకాలం మేమూ అంతే జాగ్రత్తగా ఉన్నాం.

జూలైలో చోటు చూడ్డానికి ఎక్కాం. చదును మేం అనుకున్నట్టే ఉంది. ఆస్పెన్ చెట్లు, మధ్యలో గడ్డి, ఉత్తరం వైపు చీకటిగా స్ప్రూస్ అడవి. పొద్దున మేతకి గడ్డిలోకి వచ్చి, ఎండెక్కాక ఆ చీకట్లోకి పోయి పడుకుంటాయి. చదునుకి పడమర అంచున ఒక గండి ఉంది. మ్యాపులో అది దగ్గర దగ్గర గీతలే. నిలబడి చూస్తే కాళ్ళకింద నేల మాయమైనట్టుంది. కాస్త దిగి చూద్దామని నాలుగడుగులు వేశానో లేదో రాళ్ళు జారి చీలమండ మడతపడింది. ఎముక విరగలేదు. కానీ గంటన్నరలో దిగాల్సిన దారి నాలుగు గంటలు పట్టింది. పాప నా బ్యాగు కూడా తనే వేసుకుని, ముందు నడుస్తూ, ప్రతి పది అడుగులకీ వెనక్కి తిరిగి చూస్తూ దింపింది. ఫోన్ సిగ్నల్ లేదు. ఆ నాలుగు గంటలూ, ఇదే అక్టోబర్‌లో చీకట్లో జరిగితే అన్న ఆలోచన నన్ను వదల్లేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అరవలేదు. మర్నాడు, ఫోన్ సిగ్నల్ లేనిచోటి నుంచీ మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ తెప్పించింది. ప్రతి రెండు గంటలకీ ఒక మెసేజ్ రావాలి, రాకపోతే మరో గంట చూసి షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేస్తానని చెప్పింది. కొలరాడోలో వెతికి రక్షించే దళాలు డబ్బు తీసుకోవు, మేం కొన్న లైసెన్స్‌లో కొంత పైసా ఆ నిధికే పోతుంది. "అయినా వాళ్ళని పిలిచే అవసరం రాకుండా ప్లాన్ చెయ్యండి" అంది.

ఆ రాత్రే ఎర్ర పెన్సిల్ తీశాం. పక్కింటాయన అన్న మాట అప్పుడు బుర్రకెక్కింది. ఎల్క్ కనిపించినా సరే, ఎంత దగ్గరగా నిలబడినా సరే, కాల్చకూడని చోట్లు ముందే గీసుకోవాలి. కొండ మీద గుండె దడదడలాడుతున్నప్పుడు లెక్కలు కుదరవు, ఇంట్లో బల్ల ముందే కుదురుతాయి. గండి మొత్తం ఎర్రగా నింపేశాం. దాని అంచు నుంచి వంద గజాలు కూడా. తూటా తగిలిన ఎల్క్ ప్రతిసారీ నిలబడ్డ చోటే పడిపోదు, పల్లానికి పరుగెత్తొచ్చు. రాంచ్ సరిహద్దు పొడుగునా మూడొందల గజాల పట్టీ గీశాం. గాయపడ్డ జంతువు ఎవరి పొలంలోకైనా పోతే మళ్ళీ వాళ్ళ అనుమతి లేకుండా తెచ్చుకోలేం. కొండకొమ్ము మీద ఆకాశానికెదురుగా నిలబడ్డదాన్ని కాల్చడం ఎక్కడైనా కుదరదు, తూటా ఎక్కడికి పోతుందో తెలియదు కాబట్టి. ఇక బండి నుంచి రెండున్నర గంటలు దాటిన చోటంతా ఎరుపే. ఇవన్నీ గీశాక పచ్చగా మిగిలింది చూస్తే, మ్యాపు మొత్తంలో నా అరచెయ్యంత. పాప నిరాశపడుతుందనుకున్నాను. "బాగుంది, ఇంతే కదా చూసుకోవాల్సింది" అంది.

రైఫిల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎల్క్‌కి కనీసం 6 ఎంఎం గొట్టం, 85 గ్రెయిన్ల బరువున్న తూటా ఉండాలని ఇక్కడి నియమం. కనీసంతో సరిపెట్టుకోవద్దని పెద్దాయన చెప్పాడు. భుజానికి మరీ గట్టిగా తన్నని సెవెన్ ఎంఎం జీరో ఎయిట్ రకం రైఫిల్ తీసుకున్నాం. ఎనిమిదంగుళాల కాగితం ప్లేటు పెట్టి, కూర్చుని, మోకాళ్ళ మీద, చెట్టుకి ఆనుకుని, ఊపిరి ఎగబీల్చేలా పరుగెత్తి వచ్చి కాల్చింది. రెండొందల గజాల్లో పదికి పదీ ప్లేటులో పడేదాకా వదల్లేదు. రెండొందల యాభైలో రెండు తప్పాయి. కాబట్టి తన హద్దు రెండొందలు. ఆ అంకె తనే మ్యాపు మీద మూలన రాసింది.

అక్టోబర్‌లో స్కూల్‌కి రెండు రోజులు సెలవు పెట్టించి వెళ్ళాం. మొదటి రోజు ఏమీ కనబడలేదు. చలి మాత్రం చెప్పలేను, నీళ్ళ సీసాలు గడ్డకట్టాయి. ఇద్దరం ఆరెంజ్ చొక్కాలు, టోపీలు వేసుకుని ఒక పడిపోయిన చెట్టు వెనక కూర్చున్నాం. తెల్లారుజామున చల్లగాలి కొండ పైనుంచి కిందికి దిగుతుంది, ఎండెక్కాక కింది నుంచి పైకి లేస్తుంది. ఎల్క్‌కి కన్ను కన్నా ముక్కు పదును. అందుకని పొద్దున కింద కూర్చుని, తొమ్మిది దాటాక పక్కకి జరిగి పైకి పోయేవాళ్ళం.

రెండో రోజు సూర్యుడు రాకముందే పిల్లి అరిచినట్టు సన్నగా ఒక కూత వినిపించింది. ఆడ ఎల్క్‌లు పిల్లల్ని అలా పిలుస్తాయి. ఆస్పెన్‌ల మధ్య నుంచి ఒక్కొక్కటే వచ్చాయి, పదకొండు లెక్కపెట్టాను. ముందున్నది పెద్దది, మెడ నల్లగా, పక్కకి తిరిగి నిలబడింది. బైనాక్యులర్స్‌లో దూరం 160 గజాలు. పాప రైఫిల్ బ్యాగు మీద ఆనించి, చెంప ఆనించింది. వెచ్చని ఊపిరికి దాని చెక్క మీద మంచు కరిగి తడి మచ్చలా మారడం నాకు ఇంకా కళ్ళముందుంది. నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. నేనేమీ అనలేదు, ఏం చెయ్యాలన్నా తనే చెయ్యాలని ముందే అనుకున్నాం. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత చాలా నెమ్మదిగా, "నాన్నా, ఎరుపులో ఉంది" అంది.

చూశాను. నిజమే. దాని వెనక ముప్ఫై గజాల్లో గండి అంచు. నేను గమనించలేదు. జంతువు తప్ప నాకేమీ కనబడలేదు.

బోల్టు వెనక్కి లాగి తూటా తీసి జేబులో వేసుకుంది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఊరికే చూశాం. ఈ ఏడాది పుట్టిన పిల్ల ఒకటి ఆస్పెన్ బెరడుకి మెడ రుద్దుకుంటూ కళ్ళు మూసుకుంది. గడ్డి తెంపుతున్న చప్పుడు మాకు వినిపిస్తోంది. అవి పచ్చ వైపు వస్తాయేమోనని ఆశపడ్డాం. రాలేదు, ఒక్కొక్కటే గండి అంచు వెంబడి స్ప్రూస్‌లోకి వెళ్ళిపోయాయి. పాప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకని అడగలేదు.

మూడో రోజు మంచు మొదలైంది. పదకొండయితే ఏమున్నా దిగిపోవాలన్నది ముందే రాసుకున్న మాట. పది దాటేసరికి అడుగుల జాడ ఒకటి దొరికింది, తాజాది, వేలు పెడితే అంచులు మెత్తగా విరుగుతున్నాయి. నాకే ఇంకో గంట ఉందామనిపించింది. పాప గడియారం చూపించింది. దిగాం. కింద పెద్దావిడ మంచులో గేటు దగ్గరే నిలబడి ఉంది. ఖాళీ బ్యాగులు చూసి ఏమీ అనకుండా మమ్మల్ని లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. పాప పదకొండు ఎల్క్‌ల సంగతీ చెప్పింది. ఆ గండి గురించి చెప్పినప్పుడు, తను చిన్నప్పుడు వాళ్ళ నాన్న గుర్రం అందులోనే పడిందని ఆవిడ చెప్పింది.

లైసెన్స్ వాడకుండా అలాగే మిగిలింది. లైసెన్స్ మిగిలిపోయిన పిల్లలకి కొన్ని యూనిట్లలో చలికాలంలో ఆడ ఎల్క్ వేటకి అవకాశం ఇస్తారు. పాపకి చెప్పాను. ఈసారికి వద్దంది, తనకి ఆ కొండే కావాలట. అమ్మకి ఫోన్ చేస్తే ముందు మనవరాలికి దెబ్బలేమైనా తగిలాయా అని అడిగింది. తర్వాత "దాన్ని వదిలేసిందా?" అంది. వదిలేసింది అన్నాను. "దానికి ఫోన్ ఇవ్వు" అంది. లోపలి గదిలోకి పోయి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

మ్యాపు ఇప్పటికీ బల్ల మీదే ఉంది. పోయిన వారం పాప రబ్బరుతో ఒక చోట ఎరుపు చెరుపుతుంటే ఏంటని అడిగాను. మంచులో దిగుతున్నప్పుడు ఎల్క్‌ల జాడ ఒకటి చదునుకి తూర్పున ఎండిన వాగు వెంబడి సులువుగా కిందికి పోవడం చూసిందట. మేం అది నిటారుగా ఉందనుకుని ఎర్రగా నింపాం. "దీన్లోంచి బరువుతో కూడా దిగొచ్చు నాన్నా, నేను చూశాను." చెరిపిన చోట పచ్చ వేసి, పెన్సిల్ తిప్పి, గండి అంచున ఇదివరకు వంద గజాలు వదిలిన చోట ఇంకో యాభై గజాలు ఎర్రగా నింపింది. మార్చి ఒకటికి ఇంకా ఏడు వారాలుంది. హంట్ కోడ్ మూలన రాసిపెట్టింది, నేను చదవాలట, వాళ్ళమ్మ కూడా చదవాలట.